సిటీ చూడబోయిన కుటుంబం: నవ్వించే బొమ్మల పుస్తకాల్లో ఏది కొనాలి?

ఊరి నుంచి ఒక కుటుంబం సిటీకి బయల్దేరుతుంది. దారి తనకు తెలుసని నాన్న ముందు నడుస్తాడు. అమ్మ చేతిలో నాలుగు సంచులు. అవ్వ కిటికీ పక్క సీటు ఎవరికీ ఇవ్వదు. చిన్నోడికి బస్సు కదలగానే ఒకటికి వస్తుంది. కథ ఇంతే. అయినా నాలుగేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి చదివితే, ఈ కథకు నవ్వినట్టు వాళ్ళు రాజుల కథలకూ నక్కల కథలకూ నవ్వరు. అందులో ఉన్నది వాళ్ళ ఇల్లే మరి.

ఇలాంటి పుస్తకాలు ఇప్పుడు చాలా రకాలు దొరుకుతున్నాయి. విదేశీ నగరాల చుట్టూ తిరిగే ఇంగ్లీషు పుస్తకాలు, వాటి తెలుగు అనువాదాలు, మన దేశంలోనే రాసి గీసినవి, రెండు భాషలూ పక్కపక్కనే ఉన్నవి, అసలు మాటలే లేనివి, ఫోన్‌లో ఉచితంగా చదువుకునేవి. తిరుపతిలో మా వీధి పిల్లలకు ఆదివారం పూట కథలు చదివి వినిపిస్తుంటాను. అందుకని సెలవులు దగ్గరపడగానే తల్లిదండ్రులు అడుగుతుంటారు, "చెన్నై పోతున్నాం, పిల్లోడికి ఏ పుస్తకం కొనమంటారు?" అని. వాళ్ళకు నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబునే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా నా తీర్పు. ఒక్క పుస్తకమే కొనగలిగితే, నవ్వు బొమ్మలో ఉన్న పుస్తకం కొనండి. ఆ నవ్వు కుటుంబంలో ఎవరినీ చిన్నబుచ్చకుండా ఉందో లేదో చూసుకోండి. ఈ రెండూ కుదిరితే నగరం, భాష, ధర దగ్గర కాస్త అటూఇటూ అయినా సర్దుకోవచ్చు. ఈ రెండూ కుదరకపోతే ఎంత ఖరీదైన పుస్తకమైనా ఒక్కసారి చదివాక అటకెక్కుతుంది.

నవ్వు ఎక్కడుంది?

ఒకే సంఘటనను రెండు పుస్తకాలు ఎలా చెప్పొచ్చో చూడండి. మొదటి దానిలో, "నాన్న దారి తప్పాడు. అందరూ తికమకపడ్డారు. భలే తమాషాగా ఉంది!" అని రాసి ఉంటుంది. బొమ్మలో నలుగురు మనుషులు, వెనక నాలుగు బిల్డింగులు. రెండో దానిలో ఉన్నది ఒక్క మాట. "ఇదిగో, వచ్చేశాం!" అంటాడు నాన్న. బొమ్మలో మాత్రం కుటుంబమంతా ఇందాక బయల్దేరిన చోటే, అదే అరటిపండ్ల బండి ముందు నిలబడి ఉంటుంది. పండ్లమ్మే ఆమె వాళ్ళను గుర్తుపట్టి చెయ్యి ఊపుతుంటుంది. మొదటి పుస్తకం తమాషా అని చెప్పి ఊరుకుంది. రెండో దాన్లో తమాషాను పిల్లలే కనిపెడతారు, కనిపెట్టినందుకు ఇంకాస్త నవ్వుతారు.

మాట ఒకటి చెబుతుంటే బొమ్మ ఇంకొకటి చూపించడం బొమ్మల పుస్తకానికి ఉన్న పెద్ద బలం. అక్షరాలు రాని పిల్ల కూడా ఇక్కడ చదివే పెద్దవాళ్ళకన్నా ముందుంటుంది. మన కళ్ళు అక్షరాల వెంట పోతుంటే వాళ్ళ కళ్ళు బొమ్మంతా తిరిగొస్తాయి.

ఒక ఆదివారం బీచ్ బొమ్మ ఉన్న పేజీ చదువుతున్నాను. ముందువైపు కుటుంబమంతా ఫోటోకి నిలబడి ఉంది. ఐదేళ్ళ పాప ఒకతి లేచి వచ్చి పేజీ మూలన వేలు పెట్టింది. గోరింటాకు ఎర్రగా పండిన వేలు. ఆ వేలి పక్కన ఒక కాకి, దాని ముక్కున వడ. పాప ఏమీ మాట్లాడకుండా పేజీలు వెనక్కి తిప్పింది. రైల్లో అవ్వ టిఫిన్ డబ్బా మూత తీసిన చోట, కిటికీ కడ్డీ మీద అదే కాకి. ఇంకా వెనక్కి పోతే ప్లాట్‌ఫారం రేకు మీద కూడా ఉంది. ఇక ఆ పూట కథ ముందుకు సాగలేదు. అందరూ పుస్తకం మీద పడి కాకిని వెతకడమే. ఇలా పెద్ద కథ వెనక ఇంకో చిన్న కథ నడిచే పుస్తకాన్ని పిల్లలు మళ్ళీ మళ్ళీ అడుగుతారు. కొనేముందు మనుషుల వెనక ఏం జరుగుతోందో చూడండి. కుక్కో, గొడుగో, ఎవరిదో జారిపోయిన చెప్పో, ఏదో ఒకటి పేజీ నుంచి పేజీకి ప్రయాణం చేస్తుంటే, బొమ్మలు గీసినవాళ్ళు శ్రద్ధ పెట్టారని అర్థం.

పేజీ ఎక్కడ తిప్పాల్సి వస్తుందో కూడా చూడాలి. మంచి పుస్తకంలో కుడిచేతి పేజీ చివర ప్రశ్న మిగులుతుంది, తిప్పితే జవాబు దొరుకుతుంది. "లిఫ్టు తలుపు తెరుచుకుంది..." అని చదివి ఆగాలి. తిప్పగానే లిఫ్టు నిండా పెళ్ళి మేళం వాళ్ళు, డోళ్ళు, నాదస్వరాలు. ఈ రెండూ ఎదురెదురు పేజీల్లో పడితే పిల్లల కళ్ళు జవాబును ముందే చూసేస్తాయి, నవ్వు చప్పబడిపోతుంది. ఖర్చు తగ్గించడానికి పేజీలు కలిపేసిన చవక ముద్రణల్లో ఈ నష్టం కనిపిస్తుంది. బయటి దేశాల్లో బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలుంటాయి. ప్రెస్సులో పెద్ద కాగితాన్ని మడిచి కోస్తే 8, 16 పేజీల కట్టలుగా వస్తుంది కాబట్టి ఆ లెక్క కుదిరింది. మన దగ్గర 16, 24 పేజీల్లో ముగిసేవి చాలా ఉంటాయి. 16 పేజీలంటే తిప్పే చోట్లు ఏడో ఎనిమిదో. అంత చిన్న పుస్తకంలో ప్రయాణం, హోటలు, జూ, మ్యూజియం, బీచ్ అన్నీ కుక్కితే ఏదీ నవ్వించదు. పేజీలు తక్కువున్నప్పుడు ఒక్క రైలు ప్రయాణాన్నో, ఒక్క చెప్పుల షాపునో పట్టుకుని అక్కడే సాగిన కథను ఎంచుకోండి.

ఎవరిని చూసి నవ్వుతున్నాం?

ఈ విషయంలో నేను రాజీపడను. సిటీకి వచ్చిన పల్లె మనిషి మీద జోకులు సినిమాల్లో, టీవీలో మనకు బాగా అలవాటైపోయాయి. పిల్లల పుస్తకాల్లోకి కూడా అవి వచ్చి చేరాయి. మన వైపు చాలామంది పిల్లలకు అవ్వాతాతలు ఇంకా పల్లెల్లోనే ఉన్నారు, పాకాల దగ్గరో, పలమనేరు దగ్గరో, సత్యవేడు దగ్గరో. పుస్తకంలో పంచె కట్టుకున్న తాత మెట్రో గేటు దగ్గర ఇరుక్కుపోతే, ప్యాంట్లు వేసుకున్నవాళ్ళు పక్కన నిలబడి పళ్ళికిలిస్తుంటారు. ఆ పేజీకి నవ్వే పిల్లవాడు రేపు సంక్రాంతికి ఊరికి పోయి సొంత తాతను ఏ కళ్ళతో చూస్తాడు? నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

ఎస్కలేటర్ సంగతే తీసుకోండి. సిటీ కథల్లో ఈ పేజీ తరచుగా తగులుతుంది. ఒక రకం పుస్తకంలో అవ్వ భయపడి కేకలు పెడుతుంది, చీర కాళ్ళకు అడ్డం పడి దొర్లుతుంది, చుట్టూ జనం నవ్వుతారు. ఇంకో రకంలో కుటుంబమంతా ఎస్కలేటర్ ముందు వరసగా ఆగిపోతుంది. "భయమెందుకు?" అంటూనే నాన్న కాలు ముందుకు పెట్టి వెనక్కి తీస్తుంటాడు. పేజీ తిప్పితే, అవ్వ పక్కనున్న మెట్లెక్కి పైకి ఎప్పుడో చేరిపోయి ఉంటుంది. బెంచీ మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటూ కిందివాళ్ళ కోసం ఎదురుచూస్తుంటుంది. రెండింటికీ పిల్లలు నవ్వుతారు. రెండో దాంట్లో అవ్వతో కలిసి నవ్వుతారు. ఆ పుస్తకం కొనండి.

నగరాన్నే వింతగా చూపించే పుస్తకాలూ ఉన్నాయి, అవి నాకు మరీ ఇష్టం. ఎదురింటి వాళ్ళ పేరు తెలియని అపార్ట్‌మెంటు, తాగే నీళ్ళు కొనుక్కోవడం, కనపడుతున్న చోటికే గంట పట్టే ట్రాఫిక్. మనం అలవాటుపడిపోయాం కానీ పిల్లలకు అవి నిజంగానే వింతలు. ఊరి కళ్ళతో సిటీని చూసే కథలో పిల్లలు అడిగే ప్రశ్నలకు కూడా అంతుండదు.

అమ్మకు పుస్తకంలో ఏం పని ఇచ్చారో కూడా ఒకసారి చూడండి. మొదటి పేజీ నుంచి చివరిదాకా సంచులు మోస్తూ అందరినీ కసురుకునే అమ్మ చాలా పుస్తకాల్లో ఉంది. తను కూడా తప్పిపోయి, తిక్క పని ఒకటి చేసి, నవ్వించే పేజీ ఉంటే ఆ కుటుంబం నమ్మేలా ఉంటుంది.

బడి లైబ్రరీకి కొనేవాళ్ళకు ఇంకో మాట. విమానం, స్టార్ హోటలు, షాపింగ్ మాల్ చుట్టూ తిరిగే కథ కొందరు పిల్లలకు ముచ్చటగా ఉంటుంది, కొందరిని మాత్రం బయటే నిలబెడుతుంది. సిటీ మొహం చూడని పిల్లలు మా వీధిలోనే ఉన్నారు. బస్సులో ప్రయాణం, చుట్టాలింట్లో చాప మీద పడక, క్యారియర్‌లో పులిహోర ఉన్న కథ అయితే తరగతిలో అందరూ "మా ఇంట్లో కూడా అంతే" అంటారు. చుట్టాలింట్లో ఉన్న ఒకే ఒక బాత్రూం ముందు పొద్దున్నే క్యూ కట్టే పేజీ ఉందంటే ఇక చెప్పనక్కర్లేదు.

చెన్నైనా, హైదరాబాదా, పారిస్సా?

తెలుగు పుస్తకాల్లో సిటీ అంటే సాధారణంగా హైదరాబాదు. మనకు దగ్గరి సిటీ చెన్నై, పెద్దవాళ్ళ నోట్లో ఇంకా మద్రాసే. తిరుపతిలో రైలెక్కితే రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం మీదుగా 150 కిలోమీటర్ల లోపే. చిత్తూరు, పలమనేరు వాళ్ళకు ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు. అదే హైదరాబాదు పోవాలంటే రాత్రంతా ప్రయాణం. కాబట్టి పిల్లలు త్వరలో చూడబోయే నగరం గురించి పుస్తకం కావాలంటే తెలుగు ప్రచురణలు మాత్రమే వెతికితే చాలదు. చెన్నైలో తూలిక, తారా లాంటి పిల్లల ప్రచురణ సంస్థలున్నాయి. 1996లో మొదలైన తూలిక తెలుగుతో సహా తొమ్మిది భాషల్లో పుస్తకాలు వేస్తుంది. అక్కడ గీసిన బొమ్మల్లో వీధులు, ఆటోలు, సముద్రం ఒడ్డున సుండల్ (గుగ్గిళ్ళు) అమ్మే కుర్రాళ్ళు మన పిల్లలకు తేలిగ్గా అందుతారు. పుత్తూరు, నగరి వైపు ఇళ్ళల్లో తమిళం ఎలాగూ వినపడుతుంటుంది కాబట్టి బోర్డు మీద తమిళ అక్షరాలు కనిపించినా పిల్లలు కంగారుపడరు.

హైదరాబాదు కథలకు వేరే అందం ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక పాత గడియారం ఉంది. గంట గంటకూ లోపలి నుంచి చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి, గంట కొట్టి, లోపలికి పోతాడు. దాన్ని చూడటానికి జనం ముందే వచ్చి కూర్చుంటారు. బొమ్మల పుస్తకానికి ఇంతకన్నా ఏం కావాలి? అందరూ ఎదురుచూసి ఎదురుచూసి, సరిగ్గా ఆ క్షణాన చిన్నోడి చెప్పు తెగి అందరూ కిందికి చూస్తే చాలు. నగరంలోని నిజమైన విశేషం కథలో ఒక పనికి వచ్చిందా, వెనక గోడకు తగిలించిన క్యాలెండర్ బొమ్మలా ఊరికే ఉందా అన్నది చూడండి. చార్మినార్ ముందు కుటుంబం నిలబడింది, తర్వాత గోల్కొండ ముందు నిలబడింది, తర్వాత ట్యాంక్‌బండ్ మీద నిలబడింది అంటే అది టూరిస్టు గైడు. దానికి నవ్వు అతికించినా అతకదు.

పారిస్, లండన్, న్యూయార్క్ కథల్లో బొమ్మలు చాలా బాగుంటాయి, కాదనను. గీత, రంగు, పేజీ అమరిక చూపించడానికి అలాంటిది ఇంట్లో ఒకటైనా ఉండటం మంచిదే. చిక్కల్లా నవ్వు దగ్గరే. వాళ్ళ తిండి, వాళ్ళ మర్యాదల మీద ఆధారపడిన జోకును మనం విప్పి చెప్పాల్సి వస్తుంది, విప్పి చెప్పిన జోకుకు ఎవరూ నవ్వరు. మ్యూజియంలో "ముట్టుకోకూడదు" అన్న బోర్డు పక్కన ముట్టుకోకుండా ఉండలేక మెలికలు తిరిగే పిల్లవాడు, కిక్కిరిసిన బస్సులో తల్లి చెయ్యి అనుకుని ఇంకెవరి చెయ్యో పట్టుకున్న పిల్ల, ఇలాంటివి ఏ దేశంలో గీసినా ఇక్కడ పనిచేస్తాయి. విదేశీ పుస్తకం కొనాలనుకుంటే ఒళ్ళూ కాళ్ళూ చేసే అల్లరి ఎంత ఉందో చూసుకుని కొనండి.

ఇక మన తిరుపతి. దేశం నలుమూలల నుంచి కుటుంబాలు సంచులతో దిగే ఊరు ఇది. వాళ్ళ ప్రయాణం ఎలా ఉంటుందో మన పిల్లలు బస్టాండులో, గాంధీ రోడ్డులో, అలిపిరి దగ్గర రోజూ చూస్తుంటారు. నాన్నకు, మామకు, తాతకు, అన్నకు అందరికీ గుండు కొట్టించాక, నిన్నటిదాకా జుట్టు చూసి గుర్తుపట్టిన చంటిది ఎవరి చంకనెక్కాలో తెలియక వెతుక్కునే దృశ్యం మన పిల్లలకు వివరించనక్కర్లేదు. చుట్టుపక్కల పల్లెల నుంచి జూ పార్కు చూడటానికి వచ్చే పిల్లలకు తిరుపతే సిటీ. కొండ గురించి భక్తి పుస్తకాలు చాలా ఉన్నాయి. ఈ ప్రయాణాన్ని పిల్లల కంటితో, ప్రేమగా నవ్వుతూ చెప్పే బొమ్మల పుస్తకం మీకు ఎక్కడైనా కనిపిస్తే ధర చూడకుండా తీసుకోండి.

భాష సంగతి

మొదట తెలుగులోనే రాసిన పుస్తకానికి నా ఓటు. ఇంట్లో తిట్లు, గారాలు, విసుగులు అన్నీ తెలుగులోనే కదా జరిగేది. కుటుంబం కథలో సగం నవ్వు మాట తీరులోనే ఉంటుంది. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్ళు, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళు తెలుగులో పిల్లల పుస్తకాలు చవగ్గా వేస్తున్నారు. అనువాదాలు కూడా వీటిలో చాలా ఉన్నాయి, బాగున్నవి నిజంగా బాగున్నాయి. తేల్చుకోవడానికి తేలిక మార్గం, షాపులోనే ఒక పేజీ గొంతెత్తి చదవడం. అమ్మ పిల్లవాడిని కోప్పడే వాక్యం వెతికి చదవండి. మీ ఇంట్లో ఎవరైనా అలా కోప్పడతారా? నాలుక తడబడినా, వార్తలు చదివినట్టు ఉన్నా పుస్తకం తిరిగి పెట్టేయండి.

రెండు భాషల పుస్తకాలంటే కొంతమందికి అనుమానం, పిల్లలు ఇంగ్లీషు వదిలేసి తెలుగే చదువుతారనో, తెలుగు వదిలేసి ఇంగ్లీషే చదువుతారనో. ప్రభుత్వ బడుల్లో పాఠ్యపుస్తకాలే ఒకవైపు తెలుగు, ఎదురుగా ఇంగ్లీషుతో వస్తున్నాయి, కాబట్టి ఈ అమరిక మన పిల్లలకు కొత్త కాదు. నేను చూసే ఇబ్బంది వేరు. పేజీలో అక్షరాలు రెట్టింపయ్యేసరికి బొమ్మకు చోటు తగ్గుతుంది. బొమ్మ పెద్దగా, రెండు భాషలూ చెరో రెండు వాక్యాలకు మించకుండా ఉంటే నిశ్చింతగా కొనొచ్చు.

మాటల్లేని పుస్తకాన్ని చాలామంది డబ్బు దండగ అనుకుంటారు. "చదవడానికి ఏముంది ఇందులో?" అని షాపులో తిరగేసి పెట్టేయడం చూస్తుంటాను. మా వీధి చివరింటి అవ్వకు చదువు రాదు. అలాంటి పుస్తకం ఒకటి ఆమె చేతికిచ్చి, మనవడిని ఒళ్ళో కూర్చోబెట్టాం. కళ్ళజోడు సరిచేసుకుని మొదలుపెట్టింది. "ఈయప్ప జూడు, చెప్పులు యాడనో పోగొట్టుకోని వచ్చినాడు. పెండ్లామేమో ఉరిమి ఉరిమి చూస్తా ఉండాది. అడగదు, ఇంటికి పొయినాక ఉంటాది ఆయప్పకు." మనవడు పగలబడి నవ్వాడు. మరుసటి రోజు అదే పేజీకి ఆమె ఇంకో కథ చెప్పింది. చదువురాని పెద్దవాళ్ళున్న ఇంట్లో, తమిళమో ఉర్దూనో మాట్లాడే ఇంట్లో, నేనైతే మొదట ఇలాంటి పుస్తకమే తీసుకుంటాను.

వయసు, కాగితం, అక్షరం

మూడు నాలుగేళ్ళ వాళ్ళకు టోపీ ఎగిరిపోవడం, ఐస్‌క్రీం జారిపడటం, ఒకే మాట ప్రతి పేజీలో మళ్ళీ రావడం చాలు. ఐదారేళ్ళకు పెద్దవాళ్ళకు తెలియనిది తమకు తెలిసిపోయిందన్న సంబరం కావాలి, ఇందాకటి కాకి లాంటిది. ఏడెనిమిదేళ్ళ వాళ్ళకు మాటకూ బొమ్మకూ పొంతన లేని తమాషా బాగా ఎక్కుతుంది.

తప్పిపోయే కథల దగ్గర కాస్త జాగ్రత్త. ఇది వయసును బట్టి కాదు, పిల్లల స్వభావాన్ని బట్టి చూడాలి. మన ఊళ్ళో జనంలో తప్పిపోయిన పిల్లల గురించి మైకులో చెప్పడం వాళ్ళు విని ఉంటారు, కొందరికి ఆ భయం లోపలే ఉంటుంది. తప్పిపోయిన పాప బొమ్మ ఉన్న పేజీలోనే, ఒక మూలన, అమ్మ కూడా కనిపిస్తోందా? అయితే చదివే పిల్లకు టెన్షన్ ఉండదు, "అదిగో అక్కడుంది, అటు పోవే!" అని పుస్తకంతో మాట్లాడుతుంది. పాప ఒంటరిగా చీకటి వీధిలో రెండు మూడు పేజీలు ఏడ్చే కథ నవ్వుల పుస్తకమని ముద్ర వేసుకుని వచ్చినా వద్దు.

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. లైన్ల మధ్య చోటు లేకపోతే పై లైను ఒత్తు కింది లైను తలకట్టుకు తగిలి, చదవడం నేర్చుకుంటున్న పిల్లలు అక్కడే ఆగిపోతారు. ముదురు రంగు బొమ్మ మీద తెల్ల అక్షరాలు వేసిన పేజీలు చూడటానికి బాగుంటాయి, రాత్రి గదిలో మామూలు లైటు కింద కనపడవు. ఇక బైండింగ్. మధ్యలో పిన్నులు కొట్టిన పుస్తకం బల్ల మీద పూర్తిగా పరుచుకుంటుంది. గమ్ వేసి అంటించినది తెరిచి పట్టుకోవాలి, రెండు పేజీల మీద పరిచిన నగరం బొమ్మలో మధ్యభాగం మడతలోకి పోతుంది. సిటీ పుస్తకాల్లో ఇలాంటి పెద్ద బొమ్మలు ఎక్కువ కాబట్టి నేను పిన్ను బైండింగే చూస్తాను. మూడేళ్ళ లోపు వాళ్ళకు మాత్రం మందపాటి అట్ట పేజీలవి తప్పదు, లేకపోతే సాయంత్రానికి సగం పుస్తకమే మిగులుతుంది.

ధర గురించి క్లుప్తంగా చెప్తాను. తెలుగులో వంద రూపాయల లోపు మంచివే దొరుకుతాయి. బయటి నుంచి వచ్చే గట్టి అట్ట పుస్తకాలు నాలుగైదు వందలు దాటుతాయి. ఆ డబ్బుతో నాలుగు రకాల పుస్తకాలు కొని పిల్లలనే తేల్చమనడం నాకు నచ్చిన పద్ధతి.

ఫోన్‌లో చదవడం సంగతేమిటి?

పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో స్టోరీవీవర్ అనే కథల వెబ్‌సైట్ మొదలుపెట్టారు. తెలుగు కథలు అందులో చాలానే ఉన్నాయి, చదవడానికీ, దింపుకోవడానికీ, ప్రింటు తీసుకోవడానికీ పైసా కట్టక్కర్లేదు. కథలను చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడగొట్టారు. అందులో ఉన్న బొమ్మలతో మనమే కొత్త కథ రాసుకోవచ్చు కూడా. ఎవరైనా అనువదించి పెట్టొచ్చు కాబట్టి తెలుగు అన్నిట్లో ఒకేలా ఉండదు, ఇందాక చెప్పినట్టు గొంతెత్తి చదివి చూసుకోండి. తరగతిలో ప్రొజెక్టర్ ఉన్న టీచర్లకు ఇంతకన్నా మంచి వనరు లేదు. గోడంత బొమ్మ మీద నలభై మంది పిల్లలు ఒకేసారి కాకిని వెతుకుతారు.

ఫోన్ చేతికిచ్చి చదువుకోమనడం మాత్రం ఈ రకం పుస్తకానికి సరిపడదు. రెండు పేజీల బొమ్మ అరచేయంత తెరలో ఇమిడితే వెనక జరిగే చిన్న కథ కనపడకుండా పోతుంది. నవ్వంతా అక్కడే ఉందని మొదటే చెప్పుకున్నాం. నచ్చిన కథను దగ్గర్లోని జిరాక్స్ షాపులో రంగుల్లో ప్రింటు తీయించి, మధ్యలో రెండు పిన్నులు కొట్టించుకుంటే ఇంట్లో పుస్తకమే తయారవుతుంది.

ఎవరికి ఏది?

చెన్నైకో బెంగళూరుకో వెళ్ళబోతున్న పిల్లలకైతే ప్రయాణం చుట్టూ తిరిగే కథ, వెళ్ళడానికి వారం ముందే చదవండి. రైల్లో మొదటిసారి తెరిస్తే కిటికీ ముందు ఏ పుస్తకమూ నిలవదు. ముందే తెలిసిన కథ అయితే అరక్కోణం దాటాక "మన నాన్న కూడా పుస్తకంలో నాన్న లాగే చేస్తున్నాడు" అని వాళ్ళే గుర్తు చేస్తారు. పుట్టినరోజు కానుకకు, ఆ ఇంట్లో ఎవరు చదివి వినిపిస్తారో తెలియకపోతే, మాటల్లేనిది ఇవ్వండి. బడికి తెలుగులో రాసిన రెండు, రెండు భాషలది ఒకటి, మాటల్లేనిది ఒకటి తీసుకుంటే చిన్న తరగతులకు సరిపోతాయి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో మనవళ్ళున్న అవ్వాతాతలు తిరుపతిలో చాలామంది ఉన్నారు. వాళ్ళు అడిగితే ఒకే పుస్తకం రెండు కాపీలు కొనమంటాను, తేలికపాటి పిన్ను బైండింగ్‌ది. ఒకటి అక్కడికి వెళ్ళే చుట్టాల పెట్టెలో పంపండి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. వీడియో కాల్‌లో మీరు చదువుతుంటే పేజీ తిప్పే పని మనవరాలికి వదిలేయండి. కుడి పేజీ ఆఖరి మాట దగ్గర ఆగి, ఆమె తిప్పేదాకా మీ పేజీ తిప్పకండి.